డ్రమ్ములు శుభ్రంగా వినబడితే ద్రోహమేనా?

గ్రీన్ డే బ్యాండు "వెల్‌కమ్ టు పారడైజ్" పాటని రెండుసార్లు రికార్డు చేసింది. మొదటిసారి లుకౌట్ అనే చిన్న కంపెనీ తెచ్చిన "కెర్‌ప్లంక్" ఆల్బం కోసం, రెండోసారి 1994 ఫిబ్రవరిలో రిప్రీజ్ అనే పెద్ద కంపెనీ విడుదల చేసిన "డూకీ" కోసం. మొన్న ఆదివారం మావాణ్ణి కూచోబెట్టి రెండూ వరసగా వినిపించాను. వాడికి పదహారేళ్లు. స్నేహితులతో కలిసి ఒకళ్ల గరాజ్‌లో బ్యాండు పెట్టాడు. వాయించేది పంక్, అంటే వేగంగా, గరుగ్గా ఉండే రాక్ సంగీతం. పంక్ బ్యాండుకి పేరొచ్చాక సౌండు మార్చకూడదని, మార్చిందంటే అమ్ముడుపోయినట్టేనని వాడి వాదన. అన్నం దగ్గర కూడా అదే గొడవ.

"ఏది ముందుది?" అంటే ఠక్కున చెప్పాడు.

"మరి ఏం మారింది?"

కాసేపు నసిగాడు. "డ్రమ్స్ క్లీన్‌గా ఉన్నాయమ్మా."

అంతే. ఆ పాటలో మారింది అంతే! అవే కార్డ్‌లు, అదే గొంతు, మధ్యలో పాట చీకట్లోకి దిగినట్టు ఉండే ఆ బేస్ భాగం కూడా అదే. రెండోదాంట్లో గిటారు బరువుగా ఉంటుంది, డ్రమ్ము దెబ్బ దేనికది విడిగా వినబడుతుంది. డబ్బుంటే మంచి స్టూడియో దొరుకుతుంది కదా మరి. ఆ స్టూడియో కూడా ఎక్కడో లాస్ ఏంజిలిస్‌లో కాదు, బర్క్‌లీలో ఉన్న ఫాంటసీ స్టూడియోస్. ఈ బ్యాండుని బహిష్కరించిన గిల్మన్ అనే పంక్ హాలు ఉన్నది కూడా ఆ ఊళ్లోనే.

ఈ పాట గురించి ఇంత ధీమాగా ఎలా మాట్లాడుతున్నానంటే, దానికి కారణం ఒక కరోలా. ఫ్రీమాంట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు కొన్న పాత కారు. దాని ప్లేయర్‌లో అంతకుముందు యజమాని సీడీ ఒకటి ఇరుక్కుపోయి ఉంది. తీయిస్తే ప్లేయర్ మొత్తం మార్చాలన్నాడు మెకానిక్కు. ఆ డబ్బుతో కాకినాడకి టిక్కెట్టు సగం వస్తుంది, వద్దన్నాను. రేడియో పెట్టుకోవాలి, లేదంటే ఆ సీడీ. 880 హైవే మీద ట్రాఫిక్‌లో నెలల తరబడి ఆ సీడీయే విన్నాను. అది "కెర్‌ప్లంక్" అని చాలా రోజుల దాకా నాకు తెలీదు. తెల్సుకునేసరికి అందులో ప్రతి గీత, ప్రతి గీరా కంఠతా వచ్చేసింది. తర్వాత "డూకీ" వింటే, అరె, ఇది నా పాటే కదా, తలంటు పోసుకుని వచ్చిందేమిటి అనుకున్నాను.

గిల్మన్ గురించి తెలియనివాళ్లకి చెప్తాను. 924 గిల్మన్ స్ట్రీట్. బర్క్‌లీలో షెడ్లూ వర్క్‌షాపులూ ఉండే వైపు, ఇటుక గోడల హాలు. 1986 డిసెంబరు 31న మొదలైంది. నడిపేది వాలంటీర్లు. ఏ వయసు వాళ్లయినా రావచ్చు. మందు ఉండదు, కొట్లాటలు ఉండవు, జాతి పేరు చెప్పో ఆడవాళ్లనో అవమానిస్తే బయటికి పంపేస్తారు. నియమాలన్నీ గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంటాయి. సభ్యత్వం కార్డు కొనుక్కోవాలి. మావాణ్ణి దింపడానికి వెళ్లి కార్లో కూచోవడం నాకు చేతకాదు కాబట్టి నేనూ ఒకటి కొన్నాను. చెవుల్లో దూది పెట్టుకుని వెనకాల గోడకి ఆనుకుని నించుంటాను. మన గుడిలో కలిసే ఆవిడ ఒకరు "మీవాడు హాయిగా మృదంగం నేర్చుకోవచ్చు కదండీ" అంటూ ఉంటారు. మృదంగమే నేర్చుకున్నాడండీ, నాలుగేళ్లు. అందుకే డ్రమ్ముల దగ్గర లెక్క తప్పడు.

గిల్మన్‌లో ఇంకో నియమం కూడా ఉండేది. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న బ్యాండుకి అక్కడ వేదిక లేదు. గ్రీన్ డే ముగ్గురూ కుర్రతనం నుంచి అక్కడ వాయించినవాళ్లు. 1993లో రిప్రీజ్‌తో సంతకం చేశారు, తలుపు మూసుకుపోయింది. ఆ బ్యాండులో పాడే బిల్లీ జో చావాలి అని గోడ మీద ఎవరో రాశారు కూడా. "డూకీ" ఒక్క అమెరికాలోనే కోటి కాపీలు దాటింది. 1995లో వచ్చిన తర్వాతి ఆల్బంలో "86" అనే పాట ఉంది, తన సొంత చోటికి తనే వెళ్లలేని మనిషి పాట అది.

ఈ వరస చూడండి. సంతకం పడింది, తలుపు మూశారు, ఆ తర్వాత ఆల్బం వచ్చింది. సౌండు మారిందో లేదో ఎవరూ వినకముందే తీర్పు అయిపోయింది. మా కాకినాడలో పాకలో నడిచే టిఫిను హోటలు మేడ ఎక్కితే చాలు, "అట్టు మునుపట్లా లేదండీ" అంటారు. పిండి రుబ్బేది ఆ చేతులే, చట్నీ అదే, మారింది కుర్చీలు. అయినా నాలిక్కి తేడా నిజంగానే తెలుస్తుంది, అదే విచిత్రం. పంక్ వినేవాళ్ల చెవి కూడా అలాంటిదే.

మావాడు ఊరుకోలేదు. "మరి గుడ్ రిడెన్స్ మాటేమిటి? గిటారు మీద మెల్లిగా, వెనకాల వయొలిన్లు. గ్రాడ్యుయేషన్‌కి ఏడిపించే పాట. అది పంకా?"

కాదు. పంక్ పాట కాదు, మంచి పాట. 1997లో "నిమ్రాడ్" ఆల్బంలో వచ్చింది. కానీ దాన్ని బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ "డూకీ" కంటే ముందే రాసి పెట్టుకున్నాడు. మిగతా పాటల పక్కన ఇమడదని పక్కన పెట్టారు. అంటే పేరొచ్చాక పుట్టిన మెత్తదనం కాదది. పేరు లేని రోజుల్లోనే ఉంది, బయట పెట్టే ధైర్యం తర్వాత వచ్చింది. అభిమానులు కాపలా కాసిన "అసలు సౌండు"లో ఆ కుర్రాడు సగమే ఉన్నాడన్నమాట.

ఇక జాబ్రేకర్ సంగతి. ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది, ముందే హెచ్చరిస్తున్నాను.

శాన్ ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో ఉండే ముగ్గురి బ్యాండు. పాడేది బ్లేక్ ష్వార్జెన్‌బాఖ్, గొంతులో గాజు పెంకులు పోసుకున్నట్టు పాడేవాడు. ఆ గొంతే ఆ బ్యాండుకి గుర్తు. అలా పాడి పాడి 1992లో యూరప్ పర్యటనలో ఉండగా గొంతులో కండలు పెరిగి ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. 1993లో, పెద్ద కంపెనీలో ఉన్న నిర్వాణ బ్యాండుకి ముందు కొన్ని కచేరీలు వాయించారు, దానికే సగంమంది మొహం తిప్పుకున్నారు. పెద్ద కంపెనీకి మేం వెళ్లం అని వేదిక మీద వీళ్లే చెప్పుకున్నారు కూడా. అది అనకుండా ఉండాల్సింది, నిజమే. 1994లో "24 అవర్ రివెంజ్ థెరపీ" వచ్చింది, నా లెక్కలో ఆ దశాబ్దపు పంక్ రికార్డుల్లో మొదటి మూడింట్లో ఒకటి. తర్వాత డీజీసీ అనే పెద్ద కంపెనీతో సంతకం చేశారు. 1995లో "డియర్ యూ" వచ్చింది. నిర్మాత రాబ్ కవాలో, "డూకీ" చేసినాయనే.

ఆ ఆల్బంలో గొంతు నున్నగా ఉంటుంది. గిటార్లు పొరలు పొరలుగా ఉంటాయి. జనం ఏం చేశారంటే, కచేరీలకి డబ్బు పెట్టి టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, కొత్త పాట మొదలవగానే వేదికకి వీపు పెట్టి నేల మీద కూచున్నారు. వీపు! 1996లో బ్యాండు విడిపోయింది.

కత్తి పడ్డ గొంతుతో మనిషి ఎన్నాళ్లు గీరగలడు? ఆ గరుకు కావాలని వీపు చూపించినవాళ్లకి, ఆ గరుకుకి ఖరీదు ఆ మనిషి గొంతే కట్టాడని తోచలేదా? కంపెనీ మార్పించిందన్నారు. కొంత ఉండొచ్చు, కవాలో చేతి నునుపు ఆ రికార్డు నిండా ఉంది. కానీ "యాక్సిడెంట్ ప్రోన్" లాంటి ఆరు నిమిషాల పాటని ఏ కంపెనీ మేనేజరు అడుగుతాడు? రేడియో వాళ్లు మూడో నిమిషానికే గడియారం చూస్తారు. 2017లో షికాగో రయట్ ఫెస్ట్‌లో వీళ్లు మళ్లీ కలిసి వాయించారు. ఇప్పుడు "డియర్ యూ" అంటే ప్రాణం పెట్టేవాళ్లు బోలెడుమంది. మావాడే ఒకడు. ఆ రోజుల్లో దాన్ని ద్రోహం అన్నారని చెప్తే నమ్మలేదు. వాడికి అది మొదటినుంచీ పాత రికార్డే కదా.

లండన్‌లో క్లాష్ అనే పంక్ బ్యాండు కథ అందరికీ తెలిసిందే కానీ అందులో నాకు ముఖ్యం అనిపించేది మాత్రం ఎవరూ చెప్పరు. 1977 జనవరిలో సీబీఎస్ అనే పెద్ద కంపెనీతో లక్ష పౌండ్ల ఒప్పందం చేసుకున్నారు. పంక్ ఆ రోజే చచ్చిపోయిందని "స్నిఫిన్ గ్లూ" పత్రిక నడిపిన మార్క్ పెర్రీ అన్నాడు. మొదటి ఆల్బం బయటికి రావడానికి అప్పటికి ఇంకా మూడు నెలలుంది! మళ్లీ అదే వరస. ఆ మొదటి ఆల్బంలోనే జమైకా రెగే పాట "పోలీస్ అండ్ థీవ్స్" ఉంది. ఆరు నిమిషాలు. మిగతావి రెండేసి నిమిషాలు. ముందుముందు ఏమవుతారో అక్కడే చెప్పేశారు, వినేవాళ్లకి.

1979 డిసెంబరులో "లండన్ కాలింగ్". రాకబిలీ, స్కా, రెగే, జాజ్ వాసన, బాకాలు. 19 పాటలు, రెండు రికార్డులు, ధర మాత్రం ఒక్క రికార్డుది. కంపెనీతో బేరమాడి అలా సాధించారు. మరుసటేడు "శాండినిస్టా": మూడు రికార్డులు, 36 పాటలు. ధర తగ్గించమంటే కంపెనీ మెలిక పెట్టింది, దాంతో బ్రిటన్‌లో మొదటి రెండు లక్షల కాపీల మీద తమకి రావాల్సిన రాయల్టీ వదులుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ మూడు రికార్డుల్లో ఒకటిన్నర తీసేసినా నాకేం బాధ లేదు. చివరి వైపు వింటుంటే, ఇంటికి చుట్టాలొచ్చి వెళ్లకుండా కూచున్నట్టు ఉంటుంది. కానీ సౌండు మార్చినందుకు జనం జేబులోంచి అదనంగా ఒక్క పౌండు తీయలేదు, ఎదురు తమ జేబులోంచి పెట్టారు. మావాడితో నేను వాదించేది ఇదే. వినేవాళ్లకి ఒక హక్కుందనుకో, అది టిక్కెట్టు ధర మీద, తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నదాని మీద. బ్యాండువాడి చెవిలో ఏం మోగాలన్నదాని మీద కాదు.

1982లో అదే క్లాష్ న్యూయార్క్ షే స్టేడియంలో ద హూ బ్యాండుకి ముందు వాయించింది. "రాక్ ద కాస్బా" అమెరికాలో ఎనిమిదో స్థానం దాకా వెళ్లింది. ఆ పాట బాణీ కట్టి, డ్రమ్స్, పియానో, బేస్ మూడూ తనే వాయించిన టాపర్ హెడన్‌ని అప్పటికే మాదకద్రవ్యాల వల్ల తీసేశారు. మరుసటేడు గిటారిస్టు మిక్ జోన్స్‌ని తీసేశారు. జోన్స్ లేకుండా 1985లో "కట్ ద క్రాప్" చేశారు. దాని సంగతి ఎత్తకపోవడమే మర్యాద. అది పాత ముడి పంక్‌కి తిరిగొస్తాం అని బయల్దేరిన రికార్డు! మారకుండా ఉండటం కూడా కృత్రిమం అవుతుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"మరి రమోన్స్?" అన్నాడు. న్యూయార్క్ పంక్ బ్యాండు అది, వాడి దగ్గర ఎప్పుడూ ఉండే తురుపుముక్క. హైదరాబాద్‌లో మా ఆడపడుచు కొడుక్కి రమోన్స్ టీషర్టు ఉంది, అది బట్టల కంపెనీ పేరనుకుంటున్నాడు.

రమోన్స్ మారలేదంటారు. మారాలని చూశారు! 1980లో "ఎండ్ ఆఫ్ ద సెంచరీ" కోసం ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత దగ్గరికి వెళ్లారు. ఒకే ఒక్క కార్డ్‌ని గిటారిస్టు జానీ చేత గంటల తరబడి మళ్లీ మళ్లీ వాయించాడాయన. రోనెట్స్ అనే అమ్మాయిల బృందం పాట "బేబీ, ఐ లవ్ యూ"కి వయొలిన్లు పెట్టాడు. అది బ్రిటన్‌లో ఎనిమిదో స్థానానికి వెళ్లింది, అక్కడ వాళ్లకి అంతకంటే పెద్ద హిట్ లేదు. అమెరికాలో ఆల్బం 44 దగ్గర ఆగింది. జానీకి ఆ వయొలిన్లంటే ఒళ్లుమంట. పాడే జోయికి మాత్రం రోనెట్స్ అంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఒకే పాట ఒకడికి చిన్నప్పటి కల, పక్కవాడికి పరువు తక్కువ. ఇప్పుడు చెప్పండి, ఆ బ్యాండు అమ్ముడుపోయినట్టా, కానట్టా? బయటినుంచి విని ఎలా తేలుస్తాం?

తర్వాత పాత దారికి దగ్గర్లోనే ఉండిపోయారు. వ్యానులో తిరుగుతూ 1996 ఆగస్టు దాకా 2,263 కచేరీలు. 6,400 డాలర్ల ఖర్చుతో చేసిన మొదటి ఆల్బం, 1976లో వచ్చింది, దానికి అమెరికాలో గోల్డ్ సర్టిఫికెట్ ఎప్పుడొచ్చిందో తెలుసా? 2014లో. ఆ నలుగురిలో అప్పటికి టామీ ఒక్కడే బతికున్నాడు, ఆ జులైలో అతనూ పోయాడు. మారకుండా ఉన్నందుకు మనం వాళ్లకిచ్చింది ఇదీ. టీషర్టులు మాత్రం బ్రహ్మాండంగా కొన్నాం.

పేరూ రాకుండానే మారినవాళ్ల సంగతి ఇంకో తమాషా. బ్యాడ్ రెలిజియన్ అనే పంక్ బ్యాండు 1983లో, ఇంకా కుర్రాళ్లుగా ఉండగానే, "ఇన్‌టు ద అన్‌నోన్" అని కీబోర్డులు నింపి ఒక ఆల్బం చేశారు. పెద్ద కంపెనీ లేదు, డబ్బు ఆశ లేదు, ఎవరూ అడగలేదు. ఘోరంగా పోయింది. రెండేళ్లకి "బ్యాక్ టు ద నోన్" అని పేరు పెట్టి మరీ వెనక్కి వచ్చారు. అదీ పంకే అంటాను నేను, తనకి తోచింది చేసి దెబ్బతినడం.

వాషింగ్టన్ బ్యాండు ఫుగాజీ దగ్గరికి వచ్చేసరికి మావాడు, నేను ఒక్కటవుతాం. వాళ్లు వాయించిన రోజుల్లో టిక్కెట్టు ఐదు డాలర్ల దగ్గరే ఉండేది, ఏ వయసు వాళ్లయినా రావచ్చు, టీషర్టులు అమ్మేవాళ్లు కాదు, రికార్డులు సొంత కంపెనీ డిస్కార్డ్ నుంచే వచ్చేవి. పెద్ద కంపెనీలు ఎన్ని పిలిచినా వెళ్లలేదు. మరి వాళ్ల సౌండు? 1990 "రిపీటర్" విని, వెంటనే 2001 "ద ఆర్గ్యుమెంట్" వినండి. మొదటిది గోడని గుద్దుతున్నట్టు ఉంటుంది. రెండోదాంట్లో చెల్లో ఉంది, గుసగుసలున్నాయి, రెండు డ్రమ్ సెట్లున్నాయి. క్లాష్ మారినంతా మారారు. ఒక్కళ్లు కూడా వీపు చూపించలేదు. ఎందుకంటే ధర అదే, తలుపు అదే. సౌండు గురించి అనుకుంటున్న గొడవ అసలు సౌండుది కాదని నాకు గట్టిగా అనిపించింది వీళ్ల వల్లే.

చిన్న కంపెనీ అంటే నీతి, పెద్ద కంపెనీ అంటే మోసం అనే లెక్క కూడా అంత తేలిగ్గా కుదరదు. నా కారులో ఇరుక్కున్న "కెర్‌ప్లంక్" తెచ్చిన లుకౌట్ ఉంది కదా, 2005లో గ్రీన్ డే తమ పాత ఆల్బంలని దాని దగ్గర్నుంచి వెనక్కి తీసేసుకుంది. రాయల్టీ బకాయిలు పేరుకుపోవడమే కారణం. పెద్ద కంపెనీ దగ్గరికి పోయాక కూడా ఏళ్ల తరబడి ఆ పాత రికార్డుల్ని వాళ్లు అక్కడే ఉంచారు, ఆ మాట వాళ్ల గురించి చెప్పుకోవాలి.

అలాగని గ్రీన్ డే చేసిందంతా నాకు సమ్మతం కాదు. "అమెరికన్ ఇడియట్" ఆల్బంని 2010లో న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకం చేశారు. తొమ్మిది నిమిషాల పాటలు కట్టినందుకు నాకు అభ్యంతరం లేదు, ఆ పాటలు బాగుంటాయి. అంత ఖరీదైన బ్రాడ్‌వే టిక్కెట్టు పెట్టి పదహారేళ్లవాడు ఎలా వస్తాడన్నదే నా పేచీ. అదే బ్యాండు 2015 మేలో, అగ్నిప్రమాదంలో నష్టపోయిన ఏకే ప్రెస్ అనే ప్రచురణ సంస్థ కోసం గిల్మన్‌లో వాయించింది. ఇన్నేళ్ల తర్వాత తలుపు తెరిచారు. పాటలు మాత్రం కొత్తవీ పాతవీ కలిపే పాడారు.

మా ఇంట్లో చర్చ ప్రస్తుతం ఎక్కడిదాకా వచ్చిందంటే, మావాడి బ్యాండులో బేస్ వాయించే అమ్మాయి ట్రంపెట్ నేర్చుకుంటోంది, తర్వాతి పాటలో అది పెడదాం అంటోంది. మిగతా ఇద్దరికీ ఇష్టమే, వీడొక్కడే ఒప్పుకోవడం లేదు. "ఇప్పటికి మమ్మల్ని వినేది ముప్ఫైమందేనమ్మా, అందులో పదిమంది అమ్మానాన్నలు. పేరు రాకముందే మారితే ఎలా?" అంటున్నాడు. శనివారం రిహార్సల్ ఉంది. ట్రంపెట్ వాళ్ల గరాజ్‌లో పక్కింటివాళ్లు ఒప్పుకోరట, మా ఇంట్లో పెట్టుకుంటామని ఆ అమ్మాయే నాకు ఫోన్ చేసి అడిగింది. సరేనన్నాను. మావాడికింకా చెప్పలేదు.